ఫ్యాక్టరీ స్టాఫ్‌ను రోప్ కోర్సుకు తీసుకెళ్లమంటున్నారు, పనికొస్తుందా?

పల్ప్‌లైన్ (చిత్తూరు)

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. సీజన్లో తోతాపురి లారీలు గేటు బయట బారులు తీరితే మాకు తిండీ నిద్రా ఉండవు. ఈసారి ల్యాబ్ వాళ్లకూ డ్రమ్ములు నింపే వాళ్లకూ మాటల్లేవు. బ్రిక్స్ (గుజ్జులో తీపి కొలత) తక్కువొచ్చిందని ల్యాబ్ లైన్ ఆపించడం, ముందే చెప్పొచ్చు కదా అని వీళ్లు గొడవకు దిగడం, రోజూ ఇదే.

మా మేనేజర్ గారు ఎక్కడో వీడియో చూశారు. అందరినీ ఒకరోజు రోప్ కోర్సుకు, అంటే తాళ్లు ఎక్కి, వాటి మీద నడిచి ఆడే చోటికి తీసుకెళ్తే టీమ్‌వర్క్, ధైర్యం రెండూ వస్తాయంటున్నారు. ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. మా ఎలక్ట్రీషియన్ అన్నకు యాభై దాటాయి, బీపీ మాత్ర వేసుకుంటాడు. ల్యాబ్‌లో ఒకమ్మాయి స్టూలెక్కడానికే భయపడుతుంది. అందరూ కింద నిలబడి "ఎక్కు ఎక్కు" అని అరిస్తే ఆ పిల్ల ఏమైపోవాలి? నిజంగా ఉపయోగం ఉందా? వెళ్తే ఏం అడగాలి, ఏం చూసుకోవాలి?

తాడూముడీ (తిరుపతి)

అక్కా, కొన్నేళ్లు బెంగళూరు దగ్గర క్యాంపుల్లో పిలకాయల్నీ ఆఫీసు వాళ్లనూ తాళ్ల మీద నడిపించిన వాణ్ని, అందుకే రాస్తున్నా.

ముందు ఒక మాట. వీడియోల్లో కనిపించే ఎత్తైన తాళ్లు, జిప్‌లైన్ మీ గొడవను తీర్చవు. పైకెక్కాక ఎవరి గుండె దడ వాళ్లది. దిగాక కొంత ధైర్యం వస్తుంది, కాదనను. కానీ మీకు కావలసింది నేలకు అడుగు, రెండడుగుల ఎత్తులో ఆడించేవి. సాలెగూడు అని ఒకటుంది. రెండు చెట్ల మధ్య తాళ్లతో వల కడతారు. తాడు తగలకుండా అందరూ అవతలికి వెళ్లాలి, ఒకసారి వాడిన కన్నం మళ్లీ వాడకూడదు. పది నిమిషాల్లో మీ ఫ్యాక్టరీ మొత్తం అక్కడ కనిపిస్తుంది. గొంతున్నవాళ్లు పెద్ద కన్నాలన్నీ ముందే వాడేస్తారు, భారీ మనిషి చివరికి మిగిలిపోతాడు, సరైన ఉపాయం చెప్పిన పిల్ల మాట ఎవరూ వినరు. అయిపోయాక నీడలో కూర్చోబెట్టి "ఎవరి మాట వినలేదు? ఎందుకు?" అని మాట్లాడించాలి. అసలు పని అదే. మాట్లాడించకుండా బిర్యానీ పెట్టి బస్సెక్కించేస్తే అది పిక్నిక్కే.

ల్యాబ్ అమ్మాయి సంగతి. అమెరికాలో 1971లో మొదలైన ప్రాజెక్ట్ అడ్వెంచర్ అనే సంస్థ వాళ్లు "చాలెంజ్ బై చాయిస్" అనే పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. ఎంతవరకు చేయాలో ఎవరికి వాళ్లే తేల్చుకుంటారు. రెండు మెట్లెక్కి దిగొచ్చినా సరే, అసలు ఎక్కకుండా కింద తాడు పట్టుకునే వాళ్లతో నిలబడినా సరే. ఈ సంగతి నిర్వాహకులు పొద్దున్నే అందరి ముందూ చెప్పాలి. చెప్పం అంటే ఆ చోటు వద్దు.

ఎక్కేవాళ్లకు హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టే పట్టీలు) కట్టేటప్పుడు దగ్గరుండి చూడండి. నడుం పట్టీ తుంటి ఎముక పైన ఉండాలి, జారి కిందికి రాకూడదు. పట్టీ కింద అరచెయ్యి చదునుగా దూరాలి, పిడికిలి దూరకూడదు. పైన తాడు నుంచి తాడుకు మారే చోట రెండు కొక్కేలుంటాయి. ఒకటి తీసేటప్పుడు రెండోది తగిలే ఉండాలి, రెండూ ఒకేసారి ఊడిన క్షణం ఉండకూడదు. పైన ఎవరైనా బిగుసుకుపోతే ఎలా దించుతారో అడగండి. హార్నెస్‌లో కదలకుండా ఎక్కువసేపు వేలాడితే కాళ్లలో రక్తం నిలిచిపోతుంది, అది ప్రమాదం. "ఇప్పటిదాకా ఎవరికీ కాలేదు సార్" అనేది జవాబు కాదు. ఉంగరాలు, గాజులు, చున్నీ తీసేయాలి. బీపీ అన్న డాక్టర్ను అడిగి రావాలి, మాత్ర వేసుకున్న సంగతి అక్కడి వాళ్లకు ముందే చెప్పాలి.

సాయంత్రంబస్సు

మా ఆఫీసు వాళ్లనీ తీసుకెళ్లారు. మా సార్ చెట్టు కింద కుర్చీలో కూర్చుని మైకులో "కమాన్ కమాన్" అన్నారు. ఒకాయన్ను టేబుల్ మీద నిలబెట్టి వెనక్కి పడమన్నారు, పట్టుకోవాల్సిన వాళ్లలో ఇద్దరు ఫోన్లో వీడియో తీస్తున్నారు! నడుం పట్టేసి ఆయన వారం సెలవు పెట్టాడు. ఫొటోలు మాత్రం స్టేటస్‌లో బ్రహ్మాండంగా వచ్చాయి. సోమవారం నుంచి మళ్లీ ఎవరి క్యాబిన్ వాళ్లది. డబ్బులు దండగ.

తాడూముడీ (తిరుపతి)

టేబుల్ మీంచి వెనక్కి పడే ఆట వద్దే వద్దు. నేల మీద నిలబడి కొద్దిగా వెనక్కి వాలితే, వెనక ఒకరు కాలు ముందుకేసి మోకాలు వంచి కాచుకుంటే చాలు. మీ సార్ చేసింది మాత్రం నేను చాలాసార్లు చూశాను. పెద్దాయన జట్టులో ఒకరిగా ఉండాలి, లేదా అసలు రాకూడదు. చూస్తూ కూర్చుంటే అందరూ ఆయన కోసమే ఆడతారు.

పీఈటీ మాస్టారు

ఇలా ఆరుబయట సాహసాలతో నేర్పే చదువు మొదలైందే ప్రాణాల మీదికొచ్చి. రెండో ప్రపంచ యుద్ధంలో 1941లో, వేల్స్‌లోని అబర్డోవీలో చదువులు చెప్పే కుర్ట్ హాన్, ఓడల కంపెనీ నడిపే లారెన్స్ హోల్ట్ కలిసి ఔట్‌వర్డ్ బౌండ్ అనే బడి పెట్టారు. ఓడలు మునిగినప్పుడు కుర్ర నావికులు నిబ్బరం కోల్పోతున్నారన్నది హోల్ట్ బెంగ.

ఖర్చు ఎక్కువనిపిస్తే ఒక టార్పాలిన్ చాలమ్మా. అందరూ దాని మీద నిలబడి, కాలు కింద పెట్టకుండా దాన్ని తిరగేయాలి. కళ్లకు గంతలు కట్టి పొడవాటి తాడుతో నలుచదరం చేయమనండి, అదీ బాగుంటుంది. మా బడిలో రెండూ చేయించాను. క్లాసులో నోరు తెరవని పిలకాయలే ఇక్కడ దారి చెబుతారు. మే ఎండలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో పెట్టుకోవద్దు. తడిసిన చెక్క మీద కాలు నిలవదు, ఉరిమితే ఎక్కినవాళ్లనూ దించేయాలి. సంక్రాంతి దాటాక బాగుంటుంది.

పల్ప్‌లైన్ (చిత్తూరు)

అందరికీ థ్యాంక్స్. సంక్రాంతి తర్వాతే అనుకున్నాం. ఫోన్ చేసిన మొదటి చోట, పైన చిక్కుకున్నవాళ్లను ఎలా దించుతారంటే "అలాంటివి జరగవు మేడమ్" అన్నారు, పెట్టేశాను. రెండో చోట వాళ్లు ఓపిగ్గా చెప్పారు, ముందు రోజు వచ్చి చూసుకోమన్నారు. మేనేజర్ గారు జట్టులో ఆడటానికి ఒప్పుకున్నారు గానీ మైకు కూడా ఉంటే బాగుంటుందంటున్నారు. ఆయనకు ఎలా చెప్పాలో ఎవరికైనా ఐడియా ఉంటే చెప్పండి.