ఫిబ్యులా కుడిదో ఎడమదో ఎలా పోల్చుకోవాలి?

తొడ ఎముకతో నాకు పేచీ లేదు, తల ఎటు తిరిగి ఉందో చూస్తే చాలు. నన్ను ఏడిపిస్తున్నది మోకాలి కింద బయటి వైపు ఉండే ఫిబ్యులా ఒక్కటే. పుల్లలాంటి ఆ ఎముకకు ఏ కొస పైదో తేల్చుకోవడానికే నిమిషం పడుతోంది. చదునుగా, మొన తేలి ఉన్నది చీలమండ కొస అని తెలుసు. అక్కడ లోపలి వైపు నున్నటి త్రికోణపు కీలు తలం, దాని వెనక చిన్న గుంట ఉంటాయి. ఆ గుంట వెనక్కి వచ్చేలా పట్టుకుంటే ఏ కాలిదో తెలుస్తుంది. కానీ మాకు ఇచ్చిన ఎముక సరిగ్గా అక్కడే అరిగిపోయింది, గుంట వేలికి తగలడం లేదు!

అలాంటప్పుడు కాండం (రెండు కొసల మధ్య ఉండే పొడవాటి భాగం) అంచులను బట్టి చెప్పవచ్చా? ముందు అంచు, ఇంటరాసియస్ అంచు (పక్కనున్న టిబియా ఎముకతో కలిపే పొర అంటుకునే అంచు) పైభాగంలో దాదాపు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి గుర్తించే ఉపాయం ఎవరైనా చెప్పగలరా? వచ్చే వారమే ప్రాక్టికల్ పరీక్ష.