బెర్లిన్ ఉదారవాద మసీదు: లోపలి నుంచి వచ్చిన సంస్కరణా, బయటివాళ్లు మెచ్చిన ఇస్లామా?

సుధాకర్_బెర్లిన్
తొమ్మిదేళ్లుగా బెర్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మన తెలుగువాళ్ల మధ్య ఎప్పుడూ రాని విషయం ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

2017 జూన్ 16న సేరాన్ అతేష్ అనే లాయరు మోఆబిట్ ప్రాంతంలో ఒక ప్రొటెస్టెంట్ చర్చి భవనంలో హాలు అద్దెకు తీసుకుని 'ఇబ్న్ రుష్ద్-గోథే మసీదు' తెరిచారు. అక్కడ ఆడా మగా ఒకే గదిలో కలిసి నమాజ్ చేస్తారు. స్త్రీ కూడా ఇమాంగా ముందు నిలబడవచ్చు, ఖుత్బా (శుక్రవారం నమాజ్‌లో చేసే ప్రసంగం) చెప్పవచ్చు. తల కప్పుకోవడం ఎవరి ఇష్టం వాళ్లది, ముఖం కప్పే నిఖాబ్‌కు మాత్రం అనుమతి లేదు. సున్నీ, షియా, అలెవీ (టర్కీలోని ఒక శాఖ) అన్న తేడా లేదు. గే, లెస్బియన్ ముస్లింలూ రావచ్చు. పేరులో ఇద్దరున్నారు: తర్కానికీ దైవవాక్యానికీ వైరం లేదని 12వ శతాబ్దంలోనే వాదించిన కొర్దోబా పండితుడు ఒకరు, హాఫిజ్‌ను చదివి పరవశించిన జర్మన్ కవి ఇంకొకరు.

మసీదు తెరిచిన కొద్ది రోజులకే ఈజిప్టులో ఫత్వాలు ఇచ్చే సంస్థ దారుల్ ఇఫ్తా, టర్కీ మత వ్యవహారాల సంస్థ దియానెత్ రెండూ తప్పుపట్టాయి. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. అతేష్ గారు పోలీసు రక్షణ లేకుండా బయటికి వెళ్లలేరు. 2023లో దాడి భయంతో కొంతకాలం మసీదు మూసేయాల్సి వచ్చింది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ మసీదుకు మనం మద్దతివ్వాలి. ఎంతమంది వస్తున్నారన్నది నాకు ముఖ్యం కాదు.

రఫీ_కర్నూలు
సుధాకర్ అన్నా, ఎంతమంది వస్తున్నారన్నది ముఖ్యం కాదంటే ఎలా? జర్మనీలో 50 లక్షలకు పైగా ముస్లింలు ఉన్నారు. టర్కీ అనుబంధ సంస్థ దితిబ్ కిందే దాదాపు 900 మసీదులు ఉన్నాయి. కానీ టీవీ చర్చకు పిలిచేది ఎప్పుడూ అతేష్ లాంటివాళ్లనే. మా గురించి మెజారిటీ వినాలనుకున్న మాట వాళ్లే చెప్తారు కాబట్టి.

ఇంకో సంగతి. బెర్లిన్‌లో 2005 నుంచి తటస్థతా చట్టం ఉంది. 2025లో సడలించేదాకా దాని ప్రకారం బడి టీచర్లు హిజాబ్ వేసుకోకూడదు. ముస్లిం యువతులు కోర్టుకెళ్తే ప్రభుత్వం తరఫున వాదించింది ఈ అతేష్ గారే. అందరికీ ఒకేలా నిషేధం పెట్టడం రాజ్యాంగానికి సరిపడదని రాజ్యాంగ కోర్టు 2015లోనే చెప్పింది. 2020లో ఫెడరల్ లేబర్ కోర్టు కూడా బెర్లిన్‌లో హిజాబ్ వల్ల ఉద్యోగం రాని అమ్మాయి పక్షానే నిలిచింది. తన మసీదులో 'నీ ఇష్టం' అని, బడి గేటు దగ్గర 'నీ ఇష్టం కాదు' అంటే దాన్ని సంస్కరణ అని నేను అనలేను.

సుధాకర్_బెర్లిన్
రఫీ, హిజాబ్ కేసులో నేనూ ఆమెతో ఏకీభవించను. ఆమె వాదన మాత్రం వేరు: టీచరు పిల్లల ముందు ప్రభుత్వ ప్రతినిధిగా నిలబడుతుంది, ఏ మతం గుర్తూ ఉండకూడదు అని. శిలువకూ అదే మాట వర్తించాలంటుంది.

కానీ టీవీవాళ్ల కోసం మాట్లాడే మనిషి అన్నట్టు రాయడం నాకు బాధగా ఉంది. 1984లో ఆమె లా చదువుకుంటూ, బెర్లిన్‌లో టర్కీ స్త్రీలకు సలహాలిచ్చే కేంద్రంలో పనిచేసేది. ఒకడు లోపలికొచ్చి కాల్చాడు. సలహా కోసం వచ్చిన స్త్రీ చనిపోయింది. అతేష్ గారికి తీవ్ర గాయాలయ్యాయి. కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. అప్పటికి ఏ కెమెరా ఆమె వెంట లేదు.

వేణు_హన్మకొండ
నాకు అర్థం కానిది ఒకటే. సెక్యులర్ దేశం అంటున్నారు కదా, మసీదులో ఏం జరుగుతుందో ప్రభుత్వానికెందుకు? 2006 నుంచి హోం శాఖే ముస్లింలతో చర్చల కోసం 'జర్మన్ ఇస్లాం కాన్ఫరెన్స్' నడపడమేమిటి? మతాన్ని వదిలేస్తే అదే సర్దుకుంటుంది.

షమీమ్_డ్యూయిస్‌బర్గ్
వేణు గారూ, ఇక్కడే అందరూ పొరబడతారు. మతాన్నీ ప్రభుత్వాన్నీ పూర్తిగా విడదీసిన ఫ్రాన్స్ లాంటిది కాదు జర్మనీ. చర్చి పన్నును ఇక్కడ ప్రభుత్వ పన్నుల ఆఫీసే వసూలు చేసిపెడుతుంది. రాజ్యాంగం 7వ అధికరణ ప్రకారం ప్రభుత్వ బడిలో మతబోధ మామూలు సబ్జెక్టు. పాఠం బడిది, కానీ అందులోని మత విషయం ఆయా మత సమాజాల సూత్రాలకు తగ్గట్టు ఉండాలి. క్రైస్తవులకైతే చర్చి చెప్తుంది. మనకు చర్చి లాంటిది లేదు. మరి ఇస్లాం పేరుతో సంతకం పెట్టేదెవరు? గొడవంతా ఈ సంతకం దగ్గరే. ఈ ఖాళీలోకి దితిబ్ లాంటి పెద్ద ముస్లిం సంఘాలు వచ్చి కూర్చున్నాయి.

మ్యూన్‌స్టర్ యూనివర్సిటీలో ఏం జరిగిందో చూడండి. 2008లో స్వెన్ కాలిష్ అనే ముస్లిం ప్రొఫెసర్ ప్రవక్త చారిత్రకంగా ఉన్నారా అనే సందేహం వెలిబుచ్చారు. ఇస్లాం టీచర్లను తయారుచేసే విభాగం ఆయనది. సంఘాలు వెంటనే సహకారం ఆపేశాయి. ఆయన ఆ బాధ్యత వదులుకోవాల్సి వచ్చింది, తర్వాత ఇస్లాంనే వదిలేశారు. నా మనసుకు కూడా ఆయన మాట కష్టమే. తన ఉమ్మత్‌తో (ముస్లిం సమాజంతో) తెగిపోయినవాడు ఉమ్మత్‌ను మార్చలేడు.

తర్వాత వచ్చిన మౌహనద్ ఖోర్షిదే వేరే దారి పట్టారు. బీరూట్‌లో పుట్టి, సౌదీలో పెరిగి, వియన్నాలో చదివిన మనిషి. రోజూ నోటితో అనే 'రహ్మాన్, రహీం' (కరుణామయుడు, దయామయుడు) దగ్గరే మొదలుపెట్టారు. అల్లాహ్‌కు మనిషితో ఉన్న బంధం కరుణ, భయపెట్టి లొంగదీసుకోవడం కాదు అన్నారు. 2013లో ముస్లిం సంఘాల సమన్వయ మండలి ఆయన మీదా విరుచుకుపడింది. ఆయన కదల్లేదు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు, ఆయన విభాగంలో టీచర్లు తయారవుతున్నారు.

మా రాష్ట్రం నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో 2012 నుంచి బడిలో ఇస్లాం సబ్జెక్టు ఉంది. మా అమ్మాయి నాలుగో తరగతి. జర్మన్‌లో చదువుతుంది, అడగాలనుకున్నది జర్మన్‌లో అడుగుతుంది. నాకు సంస్కరణ అంటే ఇదే. అతేష్ గారి ధైర్యానికి సలాం చేస్తాను, కానీ పని జరిగేది ఈ క్లాసురూముల్లో.

రఫీ_కర్నూలు
షమీమ్ ఆపా, ఖోర్షిదే విషయంలో మీతో ఉన్నాను. ఆయన మన భాషలో, మన దుఆలోంచి (ప్రార్థనలోంచి) మాట్లాడతారు. నేను అడుగుతున్నదీ అదే.

సుధాకర్_బెర్లిన్
షమీమ్ గారూ, ఒక ప్రశ్న. క్లాసులో పాప నేర్చుకున్నది సరే. శుక్రవారం మసీదుకు వెళ్తే ఏం వింటుంది? దితిబ్ ఇమాంలను పంపేదీ, జీతమిచ్చేదీ టర్కీ ప్రభుత్వం. ఇమాంలకు ఇక్కడే శిక్షణ ఇస్తూ ఆ పద్ధతిని మెల్లగా మార్చుకుందామని జర్మనీ, టర్కీ ఒప్పుకున్నది 2023 డిసెంబరులో. 1960ల నుంచి టర్కీ కూలీలు వస్తుంటే, ఇప్పటికి!

షమీమ్_డ్యూయిస్‌బర్గ్
నిజమే. దాచను. మేము వెళ్లే మసీదులో ఆడవాళ్లకు వెనక మెట్లు. పైన చిన్న గది, స్పీకర్‌లో ఖుత్బా. అదీ టర్కిష్‌లో. ఆరేళ్లుగా వెళ్తున్నా, ఇమాం గారి ముఖం నాకు తెలియదు. ఒకసారి స్పీకర్ పాడైతే జుమ్మా అయిపోయిందని కూడా మాకు తెలియలేదు, కిందికొచ్చి చూస్తే చెప్పుల స్టాండు ఖాళీ. మంచివాళ్లే, రంజాన్‌లో ఇఫ్తార్‌కు ప్రేమగా పిలుస్తారు. కానీ మా గది గురించి అడిగితే 'ఇక్కడ ఇలాగే' అంటారు.

అందుకే రఫీ భాయ్, ఆ బెర్లిన్ మసీదు టీవీవాళ్ల కోసం పెట్టారని మాత్రం నేను అనను. ముందు వరుస కావాలని అడిగే ఆడవాళ్లు ఉన్నారు. నేనూ అడిగాను.

రఫీ_కర్నూలు
ఆపా, స్పీకర్ సంగతి చదివి మా అమ్మ గుర్తొచ్చింది. మా వీధి మసీదులో ఆమె ఎప్పుడూ అడుగుపెట్టలేదు. ఎందుకని నేనూ అడగలేదు. హిజాబ్ కేసుల మీద నా మాట మార్చుకోను. టీవీ మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

షమీమ్_డ్యూయిస్‌బర్గ్
వచ్చే నెల మా ఆయన పని మీద బెర్లిన్ వస్తున్నాం. శుక్రవారం కుదిరితే పాపను తీసుకుని మోఆబిట్ వెళ్తాను. అక్కడి పద్ధతులన్నీ నాకు నచ్చకపోవచ్చు. తల మాత్రం కప్పుకునే వెళ్తాను. ఖుత్బా చెప్పేవాళ్ల ముఖం చూస్తూ ఒక్కసారి వినాలని ఉంది.

రఫీ_కర్నూలు
వెళ్లొచ్చి రాయండి ఆపా. పాప ఏమందో కూడా రాయండి.