కొండ అద్దమందు కొంచెమై ఎందుకు ఉంటుంది?

ప్రశ్న

అనువు గాని చోట నధికుల మనరాదు
కొంచెముండుటెల్ల కొదువ గాదు
కొండ యద్దమందు కొంచెమై యుండదా
విశ్వదాభిరామ వినురవేమ

మా అమ్మాయి బడిలో ప్రదర్శన కోసం మూడు అద్దం పట్టీలతో కెలిడియోస్కోప్ (లోపలికి చూస్తే రంగురంగుల పువ్వులు కనబడే గొట్టం) తయారు చేస్తోంది. సమతల దర్పణంలో, అంటే చదునైన మామూలు అద్దంలో, ప్రతిబింబం వస్తువంతే ఉంటుందని పాఠంలో చదివి, ఈ పద్యం దగ్గర ఆగిపోయింది. ప్రతిబింబం వస్తువంతే ఉంటే కొండ అద్దంలో చిన్నది ఎలా అవుతుంది? పద్యం తప్పా, పాఠం తప్పా అని నిలదీస్తోంది. తెలిసినవారు చెప్పగలరు.

మొదటి స్పందన

పాతకాలంలో లోహపు అద్దాలు కూడా వాడేవారు కదండీ. మెరుగుపెట్టిన ముఖం కాస్త ఉబ్బెత్తుగా ఉంటే అది కుంభాకార దర్పణమే. అందులో ఏదైనా చిన్నగానే కనబడుతుంది. కవి మనసులో ఉన్నది అలాంటి అద్దమేమో.

రెండో స్పందన

అంత దూరం పోనక్కర లేదండీ. గోడకున్న మామూలు అద్దంలోనూ కొండ కొంచెమై ఉంటుంది. పాఠమూ నిజమే, పద్యమూ నిజమే.

అమ్మాయిని అద్దం ముందు నిలబెట్టి, ఒక కన్ను మూసుకుని, అందులో కనబడే తన ముఖం అంచు వెంట తడి సబ్బుముక్కతో గీత గీయమనండి. తరువాత స్కేలు పెట్టి కొలవమనండి. నుదుటి నుంచి గడ్డం దాకా ముఖం 20 సెంటీమీటర్లు ఉంటే గీత 10 సెంటీమీటర్లే వస్తుంది. అద్దానికి దగ్గరగా జరిగినా, వెనక్కి జరిగినా అదే సగం. అలాగని అద్దంలోని ముఖం సగానికి తగ్గిపోలేదు. ప్రతిబింబం ఉండేది అద్దం మీద కాదు, అద్దం వెనక. మనం ఎంత ఇవతల ఉన్నామో అది అంత అవతల ఉంటుంది. కంటికీ దానికీ సరిగ్గా నడుమ ఉన్న పలక మీద గీశాం కనుక సగం వచ్చింది.

ఇప్పుడు కొండ సంగతి. 100 మీటర్ల ఎత్తున్న కొండ మన వెనక కిలోమీటరు దూరంలో ఉందనుకోండి. కంటికి అరమీటరు దూరంలో అద్దం పట్టుకున్నాం. ప్రతిబింబం అద్దం వెనక కిలోమీటరు అవతల, 100 మీటర్ల ఎత్తుతోనే ఉంది. అద్దం మీద దాని అంచు గీస్తే మాత్రం సుమారు 5 సెంటీమీటర్లు. కొండకు ఎదురుగా తిరిగి, అద్దానికి బదులు మామూలు గాజుపలకను అంతే దూరంలో పట్టుకుని గీసినా అదే 5 సెంటీమీటర్లు! అద్దం కొండను తగ్గించలేదు. చూసే చోటు చిన్నది, అంతే.

పద్యం చెప్పేది కూడా చోటు గురించే. 'అనువు గాని చోట' అన్నాడు. రెండో పాదంలో 'కొంచెముండుట', మూడో పాదంలో 'కొంచెమై యుండదా'. రెండుచోట్లా క్రియ 'ఉండు'. కొండ తరిగిపోదా, కరిగిపోదా అనలేదు. ఆ చోట అది కొంచెంగా ఉంటుంది, కొండతనం ఎక్కడికీ పోదు. కుంభాకార దర్పణం అనుకుంటే కొండను చిన్నది చేసిన నేరం అద్దం మీద పడుతుంది, అప్పుడు పద్యం బలం తగ్గుతుందని నా నమ్మకం.

ఆటవెలది మూడో పాదాన్ని గణాలుగా విడదీసి చూడండి: కొండ, యద్ద, మందు, కొంచెమై, యుండదా. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొసగే అక్షరం, నాలుగో గణం మొదట రావాలి. అంటే 'కొండ'కూ 'కొంచె'నికీ యతి కుదిరింది. పెద్దది ఇటు, చిన్నది అటు, నడుమ అద్దం. అవతలి వైపు కూడా అదే 'కొం' తిరిగి పలుకుతోంది. ఈ పాదం చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అమ్మాయి చేస్తున్న గొట్టంలోనూ ఇదే సూత్రం, ఫలితమే వేరు. మూడో పట్టీ అతికించక ముందు రెండింటినీ ఒక అంచున టేపుతో కలిపి నిలబెట్టి, నడుమ ఒక గాజుముక్క పెట్టి చూడమనండి. 90 డిగ్రీలు తెరిస్తే 3 ప్రతిబింబాలు, 60కి తగ్గిస్తే 5, 45 దగ్గర 7. 360ని కోణంతో భాగించి ఒకటి తీసేయడమే. 60 డిగ్రీల దగ్గర అసలు ముక్కతో కలిపి ఆరు రేకుల పువ్వు విచ్చుకుంటుంది. మూడు పట్టీల వెడల్పూ సమానమైతే కోణాలు వాటంతట అవే 60 అవుతాయి. మూడోది చేరాక పువ్వు ఒక్కటే ఉండదు, ముగ్గు పరిచినట్టు నలువైపులా సాగిపోతుంది. నాలుగు సెంటీమీటర్ల సందులోంచి చూస్తున్నా కంటికి మైదానం కనబడుతుంది. చిన్న చోటే, ఇక్కడ ఇంత విశాలం చూపిస్తోంది.

ప్రశ్న అడిగినవారు

సబ్బుగీత సరిగ్గా సగమే వచ్చిందండీ, ధన్యవాదాలు. కానీ ఇంకో చిక్కు. గొట్టం చివర గాజుముక్కలు వేస్తే పువ్వు చక్కగా కుదిరింది. అవి తీసేసి మా ఊరి కొండ వైపు చూస్తే ముక్కలు ఒకదానితో ఒకటి అతకడం లేదు. అద్దాలు వంకరగా కట్టామా?

రెండో స్పందన రాసినవారు

కట్టుడులో లోపం లేదండీ. అద్దం అంచుకు ఆనుకుని ఉన్న వస్తువు ప్రతిబింబం కూడా ఆ అంచుకు ఆనుకునే ఉంటుంది. అందుకే గాజుముక్కల బొమ్మలో అతుకు కనబడదు. కొండ అంచుకు కిలోమీటరు దూరాన ఉంది, అతుకు ఎలా కలుస్తుంది? 1816లో కెలిడియోస్కోప్‌ను కనిపెట్టిన స్కాట్లండు శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్‌కూ ఇదే అడ్డొచ్చింది. గొట్టం ముందు కుంభాకార కటకం పెట్టి, దూరపు దృశ్యం సరిగ్గా అద్దాల చివర ఏర్పడేట్టు చేశాడు. మీ దగ్గర భూతద్దం ఉంటే, ముందు దానితో కొండ బొమ్మను తెల్లకాగితం మీద పట్టి, కటకానికీ కాగితానికీ ఉన్న దూరం కొలవండి. గొట్టం చివరి నుంచి అంతే దూరంలో కటకాన్ని బిగించండి. కొండ తలకిందులుగా కనబడుతుంది, కానీ ముక్కలు అతుకుతాయి.

మొదటి స్పందన రాసినవారు

కుంభాకార దర్పణం మాట వెనక్కి తీసుకుంటున్నాను, యతి సంగతి చాలా బాగుంది. మా పిల్లలూ చేస్తామంటున్నారు. అద్దం పట్టీలు కోయించకుండా వేరే దారి ఉందా?

రెండో స్పందన రాసినవారు

ఉందండీ. మామూలు గాజు పట్టీలు మూడు తీసుకుని, అంచులు గరుకుకాగితంతో నున్నగా రుద్ది, వెనక నల్లకాగితం చుట్టండి. గొట్టంలో చూపు గాజు వెంట బాగా ఏటవాలుగా పోతుంది. అంత ఏటవాలులో మామూలు గాజు కూడా అద్దంలా పరావర్తనం చేస్తుంది. కాకపోతే కళాయి పూసిన అద్దమంత వెలుగు రాదు, పక్కల బొమ్మలు మసకబారతాయి. చివర గాజుముక్కల అవతల పల్చని నూనెకాగితం అతికించి, వెలుతురున్న కిటికీ వైపు తిప్పి చూడమనండి. సూర్యుడి వైపు మాత్రం వద్దు.