20 శాతం ప్రొటీన్ పెట్టినా గ్రోయర్ పందులు ఎదగట్లేదు, షెడ్డంతా ఘాటు

తెనాలి_షెడ్డు:
లార్జ్ వైట్ క్రాస్, 30–35 కిలోలవి. 100 కిలోల దాణాకి మొక్కజొన్న 50, సోయా చెక్క 15, వేరుశనగ చెక్క 17, తవుడు 15, మిగతా 3 మినరల్ మిక్చర్, ఉప్పు. ప్రొటీన్ 20 శాతం పైనే వస్తోంది. అయినా బరువు రావట్లేదు, పెంట పలచగా పడుతోంది. పేగులో సూక్ష్మజీవులు గేదెలోలాగా ప్రొటీన్ తయారుచేసి ఇవ్వవా? మజ్జిగో ఈస్టో కలిపితే సరిపోతుందా?

దాణా_మిక్సర్:
గేదెకు సూక్ష్మజీవులుండే పొట్ట ముందుంది, చిన్నపేగు తర్వాత వస్తుంది. అందుకే వాటి ప్రొటీన్ గేదెకు అరుగుతుంది. పందికి అంతా తిరగబడింది. సూక్ష్మజీవుల మకాం ప్రధానంగా పెద్దపేగులో, అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ ముక్కలు) పీల్చుకునేది మాత్రం చిన్నపేగు. పెద్దపేగులో ఎంత ప్రొటీన్ తయారైనా దాదాపు అంతా పెంటలో పోతుంది. గేదె దాణాలోలాగా సూక్ష్మజీవులు ప్రొటీన్ చేస్తాయని పందికి యూరియా పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానేయండి.

మీ లెక్క వేశాను. ప్రొటీన్ 20 అయినా, అందులో అరిగే లైసిన్ (దాణాలో తప్పక ఉండాల్సిన ఒక అమైనో ఆమ్లం) సుమారు 0.72 శాతమే. 25–50 కిలోల పందికి 0.98 కావాలి. వేరుశనగ చెక్కలో ప్రొటీన్ దండిగా ఉన్నా లైసిన్ తక్కువ. లైసిన్ చాలనప్పుడు మిగతా అమైనో ఆమ్లాలు కండకు పనికిరావు, కాలేయం వాటిని యూరియా చేసి మూత్రంలో పంపేస్తుంది.

ఇలా మార్చండి: మొక్కజొన్న 62, సోయా 22, నూనె తీసిన తవుడు 12. మిగతా 4 కిలోల్లో నూనె, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్), సున్నపురాయి, ఉప్పు, విటమిన్–ఖనిజాల ప్రీమిక్స్. అందులోనే లైసిన్ హెచ్‌సీఎల్ 340 గ్రాములు, థ్రియోనిన్ 90, మెథియోనిన్ 90. ప్రొటీన్ 17 చిల్లరకు దిగుతుంది, లైసిన్ 0.98కి చేరుతుంది. అమైనో ఆమ్లాలను ముందు 5 కిలోల మొక్కజొన్న పిండిలో కలిపి, ఆ తర్వాతే మిక్సర్‌లో వేయండి. నేరుగా చల్లితే ఒక బస్తాలో ఎక్కువ, ఇంకో బస్తాలో సున్నా.

గన్నవరం_వెట్:
పైన చెప్పింది కరెక్ట్. పలచ పెంటకు కారణం మాత్రం వేరే: అరగని ప్రొటీన్. అది పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా కుళ్లబెట్టి అమ్మోనియా, కడావెరిన్, పుట్రెసిన్, ఇండోల్, స్కటోల్, పి-క్రెసాల్ వంటివి తయారుచేస్తుంది. పేగు గోడ చిరాకు పడి నీళ్లు వదులుతుంది. ఇక షెడ్డులో కళ్లు మండించే ఘాటు అయితే, మూత్రంలోని యూరియాను పెంటలోని బ్యాక్టీరియా యూరియేజ్ ఎంజైమ్‌తో విరగ్గొట్టడం వల్ల. అందుకే ప్రొటీన్ తగ్గిస్తే ఘాటు కూడా తగ్గుతుంది.

సోయా చెక్క శాంపిల్ ల్యాబ్‌కి పంపండి. సోయాలోనూ ఉండే ఈ యూరియేజ్ పరీక్షలో పీహెచ్ పెరుగుదల 0.05–0.20 మధ్య ఉండాలి. ఎక్కువైతే సరిగా వేడి కాలేదు, ట్రిప్సిన్ నిరోధకం (ప్రొటీన్‌ను అరిగించే ఎంజైమ్‌ను అడ్డుకునే పదార్థం) మిగిలి ప్రొటీన్ అరగదు. మాడితే లైసిన్ చక్కెరతో అతుక్కుపోయి పందికి అందదు. మొక్కజొన్న జల్లెడ 3 మి.మీ. పెట్టండి. పెంటలో గింజ ముక్కలు కనిపిస్తే జల్లెడ చిరిగిందేమో చూడండి, అది చాలాసార్లు అంతే. వేరుశనగ చెక్కకు అఫ్లాటాక్సిన్ (బూజు విషం) భయం కూడా ఉంది, వానాకాలం నిల్వ అసలొద్దు.

మజ్జిగ, ఈస్టు దాణా లోపాన్ని పూడ్చవు.

తెనాలి_షెడ్డు:
థాంక్సండీ. తవుడు ఇంకా పెంచితే వాసన తగ్గుతుందని ఇక్కడ అంటున్నారు?

దాణా_మిక్సర్:
కొంత నిజం. పీచు అందితే పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి, అమ్మోనియాను తమ ఒంట్లో కట్టుకుంటుంది. నత్రజని మూత్రం వైపు కాకుండా పెంట వైపు మళ్లుతుంది. కానీ పీచు పెరిగితే పేగు జిగురు కూడా ఎక్కువ పోతుంది, ఆ జిగురులో థ్రియోనిన్ దండిగా ఉంటుంది. శక్తి కూడా పడిపోతుంది. 30 కిలోల పందికి తవుడు 12–15 శాతం దాటొద్దు. దాణా మార్పు ఒక్కరోజులో కాదు, 5–7 రోజుల్లో పాత కొత్త కలుపుతూ చేయండి.