ప్రివ్యూలో తెలుగు బాగుంది, టేబుల్లో అన్నీ ప్రశ్నార్థకాలే! (పెంటాహో, మైఎస్‌క్యూఎల్)

టిక్కీల_లెక్క:
నమస్తే అండీ. మాది గుంటూరు దగ్గర కోల్డ్ స్టోరేజీ. మిర్చి టిక్కీల (బస్తాల) లెక్కని పాత మైఎస్‌క్యూఎల్ నుంచి రిపోర్టుల సర్వర్‌కి (మైఎస్‌క్యూఎల్ 5.7) పెంటాహోలోని స్పూన్ అనే డేటా తరలించే టూల్‌తో లాగుతున్నా. మొదట డ్రైవరే (డేటాబేస్‌తో కలిపే ఫైల్) దొరకట్లేదంది. ఆ డ్రైవర్ 5.1 జార్ ఫైల్‌ని డౌన్‌లోడ్స్‌లోనే వదిలేసి గంటసేపు పాస్‌వర్డ్‌లు మారుస్తూ కూర్చున్నా, నా తెలివికి దండం పెట్టాలి. డేటా-ఇంటిగ్రేషన్ ఫోల్డర్లో లిబ్‌లో వేసి స్పూన్ మూసి తెరిస్తే కనెక్ట్ అయింది. టెస్ట్ ఓకే. టేబుల్ ఇన్‌పుట్ ప్రివ్యూలో వెంకాయమ్మ వెంకాయమ్మలాగే ఉంది. అవతల టేబుల్లో మాత్రం "?????????". నాలుగక్షరాల పేరుకి తొమ్మిది ప్రశ్నార్థకాలేంటండీ?

కోడ్_బావ:
టేబుల్‌ని యూటీఎఫ్8ఎంబీ4లోకి (అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌కోడింగ్) మార్చండి, అయిపోతుంది.

టిక్కీల_లెక్క:
ముందే అలా పెట్టాను బావగారూ. కాలమ్ కూడా చూశా, అదే ఉంది.

రాత్రి_జాబ్:
ఆ తొమ్మిదిలోనే జవాబుంది. వ, ఎత్వం, సున్నా, క, దీర్ఘం, య, మ, పొల్లు, మ. కంప్యూటర్ లెక్కలో తొమ్మిది. ఒక్కోటీ మూడు బైట్లు. బైట్లు వెళ్లి తప్పుగా చదివి ఉంటే 27 పిచ్చి గుర్తులు రావాలి. తొమ్మిదే వచ్చాయంటే టేబుల్‌కి చేరకముందే, డ్రైవర్ దగ్గరే పోయాయి. 5.7 సర్వర్ డిఫాల్ట్ లాటిన్1, అంటే పడమటి యూరప్ భాషల అక్షరాలకి చేసిన ఎన్‌కోడింగ్. మనం ఏమీ చెప్పకపోతే 5.1 డ్రైవర్ సర్వర్‌ని చూసి అదే పట్టుకుంటుంది. లాటిన్1లో తెలుగు లేదు కాబట్టి ప్రశ్నార్థకం పెడుతుంది.

స్పూన్‌లో రిపోర్టుల సర్వర్ కనెక్షన్ ఎడిట్ చేసి, ఆప్షన్స్‌లో క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్ అని రాసి (మధ్యలో ఖాళీ వద్దు, రెండో మాట మొదటి అక్షరం పెద్దది) పక్కన యూటీఎఫ్-8 పెట్టండి. ఇప్పటికే ఎక్కినవి మాత్రం తిరిగి రావు. ఆ కాలమ్ మీద హెక్స్ ఫంక్షన్ (లోపలి బైట్లని చూపిస్తుంది) వేసి చూడండి, తెలుగైతే ఈ0బీ0, ఈ0బీ1 అంటూ మొదలవుతుంది. 3ఎఫ్ 3ఎఫ్ అని వరసగా ఉంటే అది నిజంగానే ప్రశ్నార్థకం. టేబుల్‌ని ట్రంకేట్ చేసి (మొత్తం ఖాళీ చేసి) మళ్లీ ఎక్కించుకోవాల్సిందే.

టిక్కీల_లెక్క:
హెక్స్ వేశా, అన్నీ 3ఎఫ్‌లే! మీరు చెప్పినట్టు మార్చి మొత్తం మళ్లీ లాగా. వెంకాయమ్మ వచ్చేసింది, చాలా థాంక్స్ అండీ. ఒక్క రైతు పేరు మాత్రం ఇంకా అలాగే ఉంది. చూస్తే పాత డేటాబేస్‌లోనే 3ఎఫ్. ఆయన టిక్కీలు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు అడిగి ఎక్కించుకుంటా.