కంట్లో గ్యాస్ ఉన్న పేషెంటుని తిరుమల కొండకి ఎప్పుడు పంపొచ్చు?

రెటీనా ఆపరేషన్లు చేసేవాళ్లకి, వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లకి ఒక ప్రశ్న.

విట్రెక్టమీ (కంటి లోపలి జెల్లీ తీసేసే ఆపరేషన్) చివర్లో, రెటీనాని అదిమిపెట్టడానికి 14 శాతం సీ3ఎఫ్8 గ్యాస్ నింపితే ఆ బుడగ కరగడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. 20 శాతం ఎస్ఎఫ్6 గ్యాస్ అయితే దాదాపు 2 వారాలు. విమానం ఎక్కొద్దని అందరం చెప్తాం. నెల్లూరు, కావలి పేషెంట్లలో విమానం ఎక్కేదెవరు? చూపు వస్తే కొండకొస్తామని మొక్కుకున్నవాళ్లే ఎక్కువ. 25 గేజ్ సన్నటి పరికరాలతో చేస్తే చాలామందికి కుట్లుండవు, నొప్పీ తక్కువే, దాంతో త్వరగా బయల్దేరతారు.

నెల్లూరు దాదాపు సముద్రమట్టంలో ఉంది, తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తు. పైకెళ్లేసరికి గాలి ఒత్తిడి పదో వంతు తగ్గుతుంది, బుడగ ఆ మేరకు ఉబ్బుతుంది. 4 మిల్లీలీటర్ల గ్యాస్ ఉంటే 0.4 అదనం. ఘాట్‌రోడ్డులో బస్సు గంటలోపే ఎక్కేస్తుంది, అంత వేగంగా కంటిలోని నీరు బయటికి పోలేదు. కంటి ప్రెషర్ పెరిగి రెటీనాకి రక్తం ఆగితే చూపు పోవచ్చు. గ్లకోమా ఉన్నవాళ్లకి భయం ఇంకా ఎక్కువ. (గుండుకి తల వంచడంతో ఇబ్బంది లేదు, కొండ ఎక్కడమే ఇబ్బంది.)

బుడగ ఎంతకి తగ్గాక పంపుతున్నారు? సగమా, పావు వంతా, పూర్తిగా పోయాకేనా? అలిపిరిలో కాసేపు ఆగి వెళ్తే ఏమైనా తేడా ఉంటుందా? పైన ఎవరైనా చేతి టోనోమీటర్‌తో కంటి ప్రెషర్ కొలిచారా? కొండమీదే కాపురం ఉండేవాళ్లకి, తీయడానికి రెండో ఆపరేషన్ తప్పదని తెలిసినా, గ్యాస్ బదులు, అలా ఉబ్బని సిలికాన్ ఆయిలే వేస్తున్నారా?