శనివారం బార్ మిట్జ్వాకి సినగాగ్‌కి వెళ్తున్నాం, ఏం తెలిసుండాలి?

ఎడిసన్_వాసి:
కొలీగ్ వాళ్ళు యూదులు, వాళ్ళబ్బాయికి పదమూడేళ్ళు నిండాయి. ఆ వయసుకి జరిపే వేడుకే బార్ మిట్జ్వా. కన్సర్వేటివ్ (యూదుల్లో ఒక శాఖ) సినగాగ్, అంటే వాళ్ళ ప్రార్థనామందిరం, పొద్దున 9:30 అని కార్డులో ఉంది. చెప్పులు బయట విప్పాలా? గిఫ్టు చేతికివ్వచ్చా? మేం శాకాహారులం.

పాత_కాపు:
చెప్పులు విప్పక్కర్లేదు, తలే కప్పుకోవాలి. గుమ్మం దగ్గర బుట్టలో కిప్పాలు, అంటే చిన్న గుండ్రటి టోపీలు ఉంటాయి, మగవాళ్ళు ఒకటి తీసి పెట్టుకోండి. ఆ పక్కనే స్టాండుకి అంచుల్లో కుచ్చులున్న తెల్లటి శాలువాలు వేలాడుతుంటాయి. అవి తల్లీతులు, యూదులకు మాత్రమే. కొత్తవాళ్ళు పొరపాటుపడేది ఇక్కడే. ఆడవాళ్ళకి చీర, చుడీదార్ ఏదైనా సరే, భుజాలు కప్పి ఉంటే చాలు.

మొత్తం రెండున్నర, మూడు గంటలు. అబ్బాయి వంతు తోరా (వాళ్ళ పవిత్ర గ్రంథం) పఠనంలో, అంటే మొదలైన గంటకి అటూఇటూగా వస్తుంది. ఆలస్యమైతే, లోపల అందరూ నిలబడి ఉన్నప్పుడు దూరకండి, కూర్చునేదాకా తలుపు దగ్గరే ఆగండి. పుస్తకం కుడి నుంచి ఎడమకి తెరవాలి. పేజీ నంబరు మధ్యమధ్యలో చెబుతారు.

తోరా చుట్టలో అచ్చులకి గుర్తులుండవు. మన గుణింతాలన్నీ తీసేసి వట్టి హల్లులు మిగిల్చినట్టు ఉంటుంది. రాగానికి గుర్తులూ ఉండవు. అందుకే నెలల తరబడి సాధన చేస్తారు. తప్పు చదివితే పక్కనున్న పెద్దలు అక్కడికక్కడే గట్టిగా దిద్దుతారు. అది ఆనవాయితీ, అబ్బాయిని తిట్టడం కాదు.

సీత_న్యూజెర్సీ:
గిఫ్టు వెంట తీసుకెళ్ళకండి. సబ్బాతునాడు, అంటే వాళ్ళ శనివారపు విశ్రాంతి దినాన, డబ్బు ముట్టుకోరు. చెక్కు పోస్టులో పంపండి, లేదా రాత్రి పార్టీ ఉంటే అక్కడివ్వండి. మొత్తం 18 గుణిజాల్లో రాయండి: 54, 108, 180. హీబ్రూలో ‘ప్రాణం’ అనే మాటకి అక్షరాల విలువ 18. మనకి నూటపదహార్లు ఉన్నట్టే అనుకోండి. ఫోన్ ఆఫ్ చేసెయ్యండి. ఫోటోలొద్దు, పెన్నూ కాగితం కూడా బయటికి తీయొద్దు. ద్వారం దగ్గర గార్డు బ్యాగు చూస్తాడు, ఐడీ ఉంచుకోండి.

తిండి విషయంలో జాగ్రత్త. ‘పారెవ్’ అని రాసుంటే మాంసం, పాలు లేవనే అర్థం, గుడ్డూ చేపా ఉండచ్చు. కోషర్ (యూదుల ఆహార నియమాలు) లెక్కలో చేప మాంసం కిందికి రాదు. హల్లా రొట్టెలో మామూలుగా గుడ్డు ఉంటుంది, కూగెల్ (నూడుల్స్‌తోనో బంగాళాదుంపతోనో బేక్ చేసే వంటకం)లోనూ అంతే. హమ్మస్, సలాడ్, పళ్ళు నయం. వైన్ వద్దంటే ద్రాక్షరసం ఉంటుంది.

ఎడిసన్_వాసి:
తోరాని ఊరేగిస్తారట కదా, మా పక్కకొస్తే దణ్ణం పెట్టచ్చా?

పాత_కాపు:
వద్దు. వాళ్ళు తల్లీతు కుచ్చుతోనో పుస్తకం అంచుతోనో తాకి, దాన్ని ముద్దుపెట్టుకుంటారు. మీరు లేచి, అది వెళ్ళేవైపు తిరిగి నిలబడితే చాలు, వీపు చూపించకండి. చేతిలో పుస్తకం నేల మీద పెట్టద్దు. జారిపడితే తీసి వాళ్ళు ముద్దాడతారు, మనం కళ్ళకద్దుకున్నట్టు.

ఇంకోటి. ముందే చిన్న మిఠాయిలు పంచితే పిల్లలు తినేయకుండా చూడండి. అబ్బాయి హఫ్తారా (ప్రవక్తల గ్రంథాల్లోంచి చదివే భాగం) చదివి, దాని చివర చెప్పే ప్రార్థన కూడా పూర్తిచేశాక అతని మీదికి విసరడానికవి. మెల్లగా, కింద నుంచి.